చదరంగపు గళ్ల సంఖ్య 18446744073709551615: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్యూషన్‌కి వచ్చే పిల్లలు, వాళ్లను దింపడానికి వచ్చే అమ్మానాన్నలు ఇన్నేళ్లుగా నన్ను అడిగిన ప్రశ్నలివి. అన్నీ ఒకే ఒక్క సంఖ్య గురించి. ఇరవై అంకెలుంటాయి. చూడగానే భయమేస్తుంది కానీ, పెన్ను, కాగితం ఉంటే దీన్ని మొత్తం మనమే రాబట్టుకోవచ్చు, మనమే సరిచూసుకోవచ్చు. నాకు ఈ సంఖ్య మీద అంత ఇష్టం అందుకే.

అసలు ఈ సంఖ్య ఎక్కడిది?

చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని కోరిన బహుమతి కథ మీరు వినే ఉంటారు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా ప్రతి గడికీ రెట్టింపు చేసుకుంటూ 64 గళ్లూ నింపమన్నాడు. రాజు ఇంతేనా అనుకున్నాడు. మొత్తం గింజలు కూడితే వచ్చేది 18446744073709551615. కథలో ఆ తెలివైనవాడి పేరు సిస్సా అని చెబుతారు. 13వ శతాబ్దపు అరబ్బీ రచయిత ఇబ్న్ ఖల్లికాన్ ఈ కథ రాశాడు. అంతకు ముందే, 1000వ సంవత్సరం ప్రాంతంలో అల్ బెరూనీ ఈ మొత్తాన్ని లెక్కగట్టాడు. కథ జరిగిందా లేదా అన్నది పక్కన పెడదాం, లెక్క మాత్రం నికార్సైనది.

దీన్ని తెలుగులో ఎలా చదవాలి?

మన పద్ధతిలో కామాలు పెడితే ఇలా ఉంటుంది: 1,84,46,74,40,73,70,95,51,615. కోటి దాటాక అర్బుదం, ఖర్వం లాంటి పాత పేర్లున్నాయి గానీ ఇప్పుడు ఎవరూ వాడటం లేదు. నేను పిల్లలకు కోట్ల కోట్లలో చెప్పిస్తాను: ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు, తొంభై అయిదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను. ఒక్క గుక్కలో తప్పు లేకుండా చెప్పినవాళ్లకు మా ట్యూషన్లో చాక్లెట్ ఉంటుంది.

రెట్టింపు చేస్తూ పోతే 2⁶⁴ రావాలి కదా, ఒకటి తక్కువ ఎందుకొచ్చింది?

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. ఒక క్విజ్ పేపర్లో సమాధానం 18446744073709551616 అని అచ్చయింది. సరిగ్గా రాసిన పిల్లకు మార్కు పోయింది, ఆ రోజంతా ఏడ్చింది. ఆమెకు నేను చెప్పింది ఇదే.

పక్కింటి నుంచి ఒక్క గింజ అప్పు తెచ్చుకో. మొదటి గడిలో ఉన్న ఒక గింజతో కలిపితే రెండయ్యాయి. రెండో గడిలో కూడా రెండే ఉన్నాయి, కలిపితే నాలుగు. మూడో గడిలో నాలుగున్నాయి, కలిపితే ఎనిమిది. ప్రతిసారీ చేతిలో ఉన్నవీ, ముందున్న గడిలో ఉన్నవీ సమానమే. అరవై నాలుగో గడి కూడా కలిపాక చేతిలో 2⁶⁴ గింజలుంటాయి. ఇప్పుడు పక్కింటివాళ్ల గింజ వాళ్లకిచ్చెయ్. మిగిలింది 2⁶⁴ − 1.

గుణశ్రేఢి (ప్రతి పదం దాని ముందుదానికి అన్నే రెట్లుండే వరుస) సూత్రం కూడా ఇదే చెబుతుంది. అప్పు గింజ మాత్రం ఒక్కసారి వింటే చాలు, మళ్లీ మర్చిపోరు. ఇంకో మాట కూడా దీన్నుంచే తెలుస్తుంది: చివరి గడి ఒక్కదాంట్లోనే 92,23,37,20,36,85,47,75,808 గింజలుంటాయి. అంతకు ముందు 63 గళ్లలో ఉన్నవన్నీ కలిపినా దీనికంటే ఒక గింజ తక్కువే.

ఇంట్లో గింజలు పోసి పిల్లలకు చూపించొచ్చా?

తప్పకుండా చూపించండి. నేను చాప మీద చెస్ బోర్డు పరిచి వడ్ల గింజలతో చేయించాను. మొదటి వరుసలో ఎనిమిది గళ్లు నిండేసరికి 255 గింజలు. ఎనిమిదో గడిలో 128 గింజలు కుప్పగా పోయాల్సి వస్తుంది, గీత దాటి పక్క గడిలోకి దొర్లుతుంటాయి. తొమ్మిదో గడికి 256 లెక్కపెట్టే సరికి పిల్లల వేళ్లకు నూగు అంటుకుని దురద మొదలైంది. పదో గడి నింపాక మొత్తం 1023 గింజలు. గుప్పిట్లో పట్టేశాయి.

అక్కడ ఆపి, ఇక తూకంతో లెక్క కట్టండి. వెయ్యి వడ్లు 25 గ్రాములు అనుకుందాం (రకాన్ని బట్టి మారుతుంది). 20 గళ్లకు 10,48,575 గింజలు, అంటే 26 కిలోల పైచిలుకు. ఇంటికి తెచ్చుకునే బియ్యం బస్తా అంత బరువు. సగం బోర్డు, 32 గళ్లు నిండితే 4,29,49,67,295 గింజలు, దాదాపు 107 టన్నులు. పది టన్నుల లారీలు పదకొండు కావాలి. ఇక్కడి వరకు రాజుగారు కాదు, ఒక మోతుబరి రైతు కూడా ఇచ్చుకోగలడు.

మిగతా సగమే కొంప ముంచుతుంది. 64 గళ్లూ నిండాలంటే సుమారు 46,000 కోట్ల టన్నుల వడ్లు కావాలి. ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించేది 80 కోట్ల టన్నుల చుట్టుపక్కల. గింజ కూడా తినకుండా 575 ఏళ్లు దాచిపెట్టాలి.

కాలిక్యులేటర్ లేకుండా ఇరవై అంకెలూ రాబట్టడం సాధ్యమేనా?

సాధ్యమే, 64 సార్లు రెట్టింపు చేయక్కర్లేదు కూడా. వర్గం చేస్తూ పోతే ఆరు మెట్లలో అయిపోతుంది. 2ని వర్గం చేస్తే 4, మళ్లీ చేస్తే 16, తర్వాత 256, తర్వాత 65536, తర్వాత 4294967296. ఇది 2³². దీన్ని ఇంకొక్కసారి వర్గం చేస్తే 2⁶⁴ వచ్చేస్తుంది.

ఆఖరి మెట్టు కొంచెం పెద్దది. సంఖ్యను రెండు ముక్కలు చేయండి: 42949, 67296. ఇక (a+b)² సూత్రమే.

42949 వర్గం 1844616601. దీని పక్కన పది సున్నాలు.
రెండు ముక్కల లబ్ధానికి రెట్టింపు 5780591808. దీని పక్కన అయిదు సున్నాలు.
67296 వర్గం 4528751616.

మూడూ కూడండి. 18446744073709551616 వస్తుంది. ఒకటి తీసేయండి. ఎనిమిదో తరగతి పిల్ల పావుగంటలో చేసేసింది. ఆ మూడు వరుసలు సరిగ్గా కలిసినప్పుడు ఆమె మొహం చూడాలి!

ఈ సంఖ్య మీద తెలుగు పద్యం ఉందంటారు, నిజమేనా?

నిజమే, అదీ చాలా పాతది. పావులూరి మల్లన పేరు మీద ప్రసిద్ధమైన చంపకమాల. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చిన కవి ఆయన. పద్యంలో అంకెలన్న భాగం ఇది:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు…

చదరంగపు గళ్లలో రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తం ఇదేనని పద్యం మిగతా భాగం చెబుతుంది.

ప్రతి మాటా ఒక అంకె. శర అంటే మన్మథుడి బాణాలు, 5. శశి చంద్రుడు, 1. షట్క 6. చంద్ర 1. మళ్లీ శర 5. సాయక అన్నా బాణమే, 5. రంధ్ర అంటే నవరంధ్రాలు, 9. వియత్ ఆకాశం, 0. నగ అంటే కొండ, కులపర్వతాలు ఏడు కాబట్టి 7. అగ్ని 3, త్రేతాగ్నులు. భూధర మళ్లీ కొండ, 7. గగన 0. అబ్ధి సముద్రం, 4. వేద 4. గిరి 7. తర్క 6. పయోనిధి సముద్రం, 4. పద్మజాస్య అంటే బ్రహ్మ ముఖాలు, 4. కుంజర అష్టదిగ్గజాలు, 8. తుహినాంశు చల్లని కిరణాలవాడు, చంద్రుడే, 1.

ఇలా రాసినప్పుడు అంకెలు కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలి. మొదటి మాట ఒకట్ల స్థానం. అలా పేర్చి చూడండి, 18446744073709551615 అక్షరాలా వస్తుంది.

నాకు ఇందులో ఒళ్లు పులకరించే సంగతి ఇంకోటుంది. ఈ సంఖ్యలో 4 నాలుగుసార్లు వస్తుంది. కవి నాలుగింటికీ నాలుగు వేర్వేరు మాటలు వేశాడు: అబ్ధి, వేద, పయోనిధి, పద్మజాస్య. మూడు ఏడులకు నగ, భూధర, గిరి. మూడు ఒకట్లకు శశి, చంద్ర, తుహినాంశు. రెండు సున్నాలకు వియత్, గగన. శర అన్న మాట ఒక్కటే రెండుసార్లు వాడాడు. గణాలు తప్పకూడదు, యతి తప్పకూడదు, అంకె అసలే తప్పకూడదు. ఇన్ని కట్టుబాట్ల మధ్య ఆ పద్యం అంత హాయిగా నడుస్తుంది.

సముద్రాలు ఏడు కదా, పద్యంలో 4 అని ఎందుకు తీసుకోవాలి?

మంచి ప్రశ్న, చాలామంది అడుగుతారు. సప్త సముద్రాలు అన్న మాట మన నోట్లో నానింది కాబట్టి ఈ అనుమానం సహజం. ఈ పద్యం లెక్కలో మాత్రం సముద్రం నాలుగు దిక్కుల సముద్రం, కొండ ఏడు. అబ్ధినీ పయోనిధినీ ఏడుగా చదివితే రెండు అంకెలు తప్పుతాయి. అలా తప్పినట్టు పట్టుకోవడం ఎలాగో తర్వాతి ప్రశ్నలో చూడండి.

రాసుకున్న సంఖ్యలో అంకె తప్పు పడిందని ఎలా కనిపెట్టాలి?

రెండు పరీక్షలున్నాయి.

మొదటిది తొమ్మిదితో. అంకెలన్నీ కూడితే 87. ఎనిమిదీ ఏడూ 15, ఒకటీ అయిదూ 6. అంటే తొమ్మిదితో భాగిస్తే శేషం 6 రావాలి. నిజంగా 6 రావాలా? 2 ఘాతాలను తొమ్మిదితో భాగిస్తూ పోతే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరు అడుగులకోసారి తిరుగుతాయి. 64లో పది ఆరులు పోగా మిగిలేది 4. వరుసలో నాలుగోది 7. ఒకటి తీస్తే 6. సరిపోయింది. సముద్రాలను ఏడుగా చదివినవాళ్లకు అంకెల మొత్తం 93 వస్తుంది, శేషం 3. తప్పు దొరికిపోయింది!

పక్కపక్కనున్న రెండు అంకెలు అటూ ఇటూ మారితే మాత్రం ఈ పరీక్షకు చిక్కదు, మొత్తం మారదు కదా. దానికి పదకొండు పరీక్ష. కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి కూడండి: 62. విడిచినవి కూడండి: 25. తేడా 37. పదకొండుతో శేషం 4. 2 ఘాతాల శేషాలు పదకొండు దగ్గర పది అడుగులకోసారి తిరుగుతాయి కాబట్టి 2⁶⁴కూ 2⁴కూ శేషం ఒకటే. 16కు శేషం 5, ఒకటి తీస్తే 4. చివరి 51615ని పొరపాటున 56115 అని రాస్తే తేడా 27 అయ్యి, శేషం 5 వస్తుంది. అక్కడ పట్టుబడుతుంది.

ఒక చిన్న గమనిక కూడా చేసుకోండి. సున్నా నుంచి తొమ్మిది దాకా ఉన్న అంకెల్లో ఈ సంఖ్యలో కనబడనిది ఒక్కటే, 2. రెండును రెట్టించి రెట్టించి తెచ్చిన సంఖ్యలో రెండే లేదు. ఎక్కడైనా 2 కనిపిస్తే ఆ సంఖ్య తప్పు.

ఇది ప్రధాన సంఖ్యేనా?

కాదు. చివర 5 ఉంది, అదొక్కటి చాలు. కానీ దీని కారణాంకాలు ఎంత అందంగా విడిపోతాయో చూడాలి. a² − b² సూత్రాన్ని మళ్లీ మళ్లీ వాడితే

2⁶⁴ − 1 = (2³² + 1)(2¹⁶ + 1)(2⁸ + 1)(2⁴ + 1)(2² + 1)(2 + 1)

అంటే 4294967297 × 65537 × 257 × 17 × 5 × 3. చివరి అయిదూ ప్రధాన సంఖ్యలే. వీటిని ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా పేరు మీద ఫెర్మా ప్రధాన సంఖ్యలంటారు. ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధానాలే అయి ఉంటాయని ఫెర్మా నమ్మాడు. 4294967297 దగ్గర ఆ నమ్మకం విరిగింది. 1732లో గణితవేత్త ఆయిలర్ దాన్ని 641 × 6700417 అని విడగొట్టాడు.

2⁶⁴కు ముందు వచ్చే అన్నిటికంటే పెద్ద ప్రధాన సంఖ్య కావాలంటే 2⁶⁴ నుంచి 59 తీసేయండి: 18446744073709551557.

641తో పోతుందని ఆయిలర్‌కి ఎలా తట్టింది?

ఊరికే వరుసగా భాగించుకుంటూ పోనక్కర్లేదు. 2³² + 1ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64తో భాగిస్తే శేషం 1 వచ్చే రకమే అయి ఉండాలని ఆయిలర్ రుజువు చేశాడు. అలాంటి ప్రధానాలు 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలోనే దొరికింది.

భాగహారం చేయకుండానే నమ్మాలంటే ఇంకో దారుంది. 641ని రెండు రకాలుగా రాయొచ్చు: 5 × 2⁷ + 1 ఒకటి, 5⁴ + 2⁴ రెండోది. మొదటి దాన్నిబట్టి 5 × 2⁷ అనేది 641కి ఒకటి తక్కువ, అంటే 641తో భాగించేటప్పుడు శేషాల లెక్కలో అది −1 అన్నమాట. నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸ అంటే 1. రెండో దాన్నిబట్టి 5⁴ అంటే −2⁴. అది ఇందులో పెడితే −2³² అంటే 1. కాబట్టి 2³² + 1ని 641 శేషం లేకుండా భాగిస్తుంది. నాలుగే నాలుగు వాక్యాలు. నేను మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను.

మొత్తం ఎన్ని భాజకాలు?

128. ఏడు ప్రధాన కారణాంకాలు, ఒక్కొక్కటి ఒక్కసారే. ప్రతిదాన్నీ తీసుకోవడమో వదిలేయడమో, రెండే దారులు. 2⁷ = 128.

పూర్ణ వర్గమా? వర్గాల మొత్తంగానైనా రాయొచ్చా?

పూర్ణ వర్గం కాదు. 2⁶⁴ పూర్ణ వర్గం (2³² వర్గం) కదా, దానికి సరిగ్గా ఒకటి తక్కువగా ఇంకో వర్గం ఉండే వీల్లేదు. మూడు వర్గాల మొత్తంగా కూడా రాయలేం, ఎందుకంటే దీన్ని 8తో భాగిస్తే శేషం 7. ఏ వర్గాన్ని 8తో భాగించినా శేషం 0, 1, 4లలో ఒకటే, అలాంటివి మూడు కలిపి 7 తేలేం. గణితవేత్త లాగ్రాంజ్ 1770లో రుజువు చేసినట్టు నాలుగు వర్గాలతో ఏ సంఖ్యనైనా రాయొచ్చు. దీనికి ఆ నాలుగూ కావాల్సిందే.

హనోయ్ గోపురం ఆటలో వచ్చేది కూడా ఇదే సంఖ్యా?

అవును. ఫ్రెంచి గణితవేత్త ఎడ్వర్డ్ లూకాస్ 1883లో తెచ్చిన ఆట అది. మూడు కర్రలుంటాయి. ఒకసారికి ఒక్క పళ్లేన్నే కదపాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు. 64 పళ్లేలను ఒక కర్ర నుంచి ఇంకో కర్రకు మార్చాలంటే కనీసం 2⁶⁴ − 1 కదలికలు కావాలి. సెకనుకొకటి చొప్పున కదిపినా దాదాపు 58,454 కోట్ల ఏళ్లు పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. అలాంటివి నలభై రెండు కావాలి.

కంప్యూటర్ వాళ్లు ఈ సంఖ్యను గుర్తుపెట్టుకుంటారు, ఎందుకని?

కంప్యూటర్ సంఖ్యలను బిట్లలో, అంటే 0 లేదా 1 మాత్రమే పట్టే గూళ్లలో, దాచుకుంటుంది. 64 బిట్లలో రుణ గుర్తు లేకుండా పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. ద్విసంఖ్యామానంలో (0, 1 అంకెలు మాత్రమే వాడే పద్ధతి) రాస్తే వరుసగా 64 ఒకట్లు. దీనికి ఒకటి కలిపితే పాత కరెంటు మీటరు 99999 తర్వాత 00000కు తిరిగినట్టు సున్నాకు తిరుగుతుంది.

అది ఊరికే పుస్తకంలో మాట కాదు. 2010 ఆగస్టు 15న ఇంటర్నెట్ డబ్బైన బిట్‌కాయిన్‌లో ఒక లావాదేవీ నమోదైంది. అందులో రెండు చెల్లింపులు, ఒక్కొక్కటి దాదాపు 9,223 కోట్ల బిట్‌కాయిన్లు. అసలు ఎప్పటికీ ఉండగలిగేదే 2.1 కోట్లు. ఆ రెండు పెద్ద మొత్తాలనూ కూడినప్పుడు 64 బిట్లు పొంగిపోయి, మొత్తం సున్నా కంటే తక్కువగా కనబడింది, తనిఖీ దాటిపోయింది. గంటల్లోనే కనిపెట్టి సాఫ్ట్‌వేర్ సరిచేశారు, ఆ లావాదేవీ రద్దయింది.

ఎక్సెల్‌లో టైప్ చేస్తే 18446744073709500000 అని వస్తోంది, నా లెక్క తప్పా?

మీ లెక్క సరైనదే. ఎక్సెల్ 15 అంకెల వరకే ఉంచుకుని మిగతావి సున్నాలు చేస్తుంది. ఫోన్ కాలిక్యులేటర్లు కూడా చాలావరకు 1.844674407 × 10¹⁹ అని చూపించి ఊరుకుంటాయి. ఇరవై అంకెలూ కావాలంటే పైన చెప్పిన రెండు ముక్కల పద్ధతే నమ్మకం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చినవాళ్లు అందులో వేసి చూసుకోవచ్చు, అది అంకెలు వదలదు.

చదరంగానికీ ఈ సంఖ్యకూ కథ తప్ప ఇంకేమైనా సంబంధం ఉందా?

ఉంది. చెస్ ఆడే ప్రోగ్రాములు చాలావరకు బిట్‌బోర్డ్ అన్న పద్ధతి వాడతాయి. గళ్లు 64, బిట్లు 64. ఒక్కో గడికి ఒక్కో బిట్. గడిలో పావు ఉంటే 1, లేకపోతే 0. అంటే బోర్డు మీద ఏయే గళ్లలో పావులున్నాయన్నది ఒక సంఖ్యే. 64 గళ్లూ నిండితే ఆ సంఖ్య 18446744073709551615.

ఆట మొదట్లో తెల్ల బలగం కింది రెండు వరుసల్లో ఉంటుంది. ఆ మూల నుంచి గళ్లు లెక్కపెడితే మొదటి 16 బిట్లు ఒకట్లు, అంటే 2¹⁶ − 1 = 65535. దీన్ని విడగొడితే 3 × 5 × 17 × 257. నిండు బోర్డు సంఖ్యను ఇది శేషం లేకుండా భాగిస్తుంది. భాగఫలం ఎంతో ద్విసంఖ్యామానంలో రాసి చూడండి, ఒకట్లు సరిగ్గా నాలుగే ఉంటాయి, రెండు వరుసలకొకటి చొప్పున.